గట్టివి ఇటు, మెత్తవి అటు

నవంబరు 23, ఆదివారం

పాప ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం ఇవాళ తీసేశారు. మా టెస్ తన ఊపిరి తనే పీల్చుకుంటోంది. "ఇక చూడండి, మీ అమ్మాయి మనందర్నీ పరుగులు పెట్టిస్తుంది" అంది నర్సు ఒడెట్. నెలలు నిండకుండానే తొందరపడి వచ్చిన పిల్ల, పరుగులు పెట్టించక ఊరుకుంటుందా? కాల్గరీ నుంచి ఇంటిదాకా ట్రక్కులో ఒక్కణ్ణే గొంతెత్తి పాడుకుంటూ వచ్చాను. ఎవరూ వినలేదు, వాళ్ళ అదృష్టం.

నాలో నేను గొణుక్కోవడం మాని కాగితం మీద గొణుక్కోమంది మా ఆవిడ మరైకా. అందుకే ఈ రాత. తను అక్కడే, ఆసుపత్రి పక్కనున్న బసలో ఉంటోంది. రోజంతా పాలు పిండడం, పాప పక్కన కూర్చోవడం. ఆసుపత్రి ఫ్రీజర్‌లో ఒక్కో తల్లికి ఒక్క అర మాత్రమే ఇస్తారు. మిగిలిన పాలు చిన్న చిన్న ప్లాస్టిక్ పాకెట్లలో గడ్డకట్టించి, నేను వెళ్ళినప్పుడల్లా ఐసుపెట్టెలో ఇంటికి మోసుకొస్తాను. ప్రతి పాకెట్ మీదా తేదీ వేసి, కింద ఆ రోజు సంగతి ఒక్క ముక్కలో రాస్తుంది మరైకా. 'కళ్ళు తెరిచింది.' 'తుమ్మింది.' 'నాన్న వేలు పట్టుకుంది.' మా ఫ్రీజర్ నిండా ఇవే.

ఈమధ్య తనకి పాలు తగ్గుతున్నాయి. బెంగ పెట్టుకుంటే ఇంకా తగ్గుతాయని ఒడెట్ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. కాబట్టి ఇంట్లో ఉన్న ఈ పాకెట్లే మా పిల్ల ఆస్తి.

ఐస్‌క్రీమ్ కాస్త మెత్తగా ఉంది. తలుపు సరిగా వేసి ఉండను.

నవంబరు 25, మంగళవారం

ఐస్‌క్రీమ్ గట్టిపడింది. ఏమీ లేదు.

నవంబరు 26, బుధవారం

పొద్దున లేచేసరికి ఫ్రిజ్ కుక్కిన పేనులా పడి ఉంది, చప్పుడు లేదు. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాను. గుర్రుమంది. ఏమీ లేదు.

ఫారాలు తిరిగి పాలు ట్యాంకర్‌లోకి ఎక్కించుకుని ప్లాంటుకి చేర్చడం నా పని. ఇవాళ మామగారి ఫారం వంతు. గెరిట్ మామగారు ఈ చుట్టుపక్కల డచ్చి రైతుల్లో అందరికంటే శుభ్రంగా ఆవుల్ని పెంచే మనిషి, అందరికంటే కోపిష్టి కూడా. నేను ట్యాంకర్ ఆపి, ఆయన పాలట్యాంకు మూత తీసి, వాసన చూసి, థర్మామీటర్ చూసి, పైపు తగిలించాను. ఆయన గుమ్మంలో నిలబడి ఉప్పు లికోరిస్ బిళ్ళ చప్పరిస్తూ నన్నే చూస్తున్నారు.

"ఎంతుంది?"

"మూడు, మామగారూ."

"మూడా! అయితే తీసుకెళ్తావన్నమాట. ఎంత దయ."

సెప్టెంబరులో ఆయన చల్లబరిచే యంత్రం పాడై పాలు ఆరు డిగ్రీలు చూపించాయి. నాలుగు దాటితే ఎక్కించుకోకూడదు. ఎక్కించుకోలేదు. ట్యాంకెడు పాలూ కాలవలో పోసుకున్నారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నాకు కాఫీ లేదు. పెళ్ళాం తండ్రి కదా అని వదిలేస్తే, ఆయన పాలు ట్యాంకర్‌లో ఉన్న మిగతా అందరి పాలనీ చెడగొట్టేవి. నేను చేసింది తప్పు కాదు. ఇప్పటికి వందసార్లు అనుకున్నాను, తప్పు కాదు.

మరైకా ఫోన్ చేసి "ఫ్రిజ్‌లో చోటు సరిపోతోందా?" అంది. "బాగుంది" అన్నాను. చోటు బాగుందనే నా ఉద్దేశం.

నవంబరు 28, శుక్రవారం

చచ్చింది. ప్లగ్గు పీకి పెట్టినా లేవలేదు. తలుపు మీద అంకెలు మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతున్నాయి, లోపల లైటూ వెలుగుతోంది. పెదవి మీద నవ్వు, ఒంట్లో ప్రాణం లేదు.

ఊరి మెకానిక్‌కి ఫోన్ చేస్తే వచ్చే వారం తర్వాత వారం అన్నాడు. సరే, నాకూ చేతులున్నాయి. రోజంతా ఊళ్ళవాళ్ళ పాలు చల్లగా కాపాడే మొనగాణ్ణి, ఇంట్లో పిడికెడు పాలు కాపాడలేనా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అది నా కథే.

ముందు పాకెట్ల సంగతి. ఇంకా రాళ్ళలాగే ఉన్నాయి, హమ్మయ్య. మామగారి నేలమాళిగలో పెద్ద ఫ్రీజర్ ఉంది. కానీ ఆయన్ని అడిగితే ఆ క్షణమే మరైకాకి తెలుస్తుంది, మరైకా బెంగపడుతుంది, పాలు తగ్గుతాయి. ఆయన మొహం చూసి అడగాల్సి వస్తుందని కాదు. పాలు తగ్గుతాయని.

అయినా బయట మైనస్ ఇరవై రెండు డిగ్రీల చలి ఉండగా ఇంకొకరి ఫ్రీజర్ దేనికి? నేను పెరిగిన మానిటోబాలో నవంబరులో వరండాలో పెట్టిన మాంసం మార్చిదాకా గడ్డే. మా అమ్మ క్రిస్మస్ వంటలన్నీ వరండాలోనే దాచేది. ఇంటి వెనక ఉత్తరం వైపు మంచుకుప్ప తవ్వి, పాకెట్లన్నీ ఐసుపెట్టెలో సర్ది, పాతిపెట్టి, కొయోటీ నక్కలు లాగకుండా మీద బండరాయి పెట్టాను. దేవుడిచ్చిన ఫ్రీజర్. ప్లగ్గు అక్కర్లేదు, మెకానిక్ అక్కర్లేదు.

ఈ ఊరివాళ్ళు చినూక్ గాలి అని, మంచు తినే గాలి అని ఒకటే గొప్పలు చెప్పుకుంటారు. వేసవిలో వచ్చాను, నవంబరు అయిపోవస్తోంది, ఆ గాలేమిటో ఇంతవరకూ నా కంటపడలేదు.

నవంబరు 29, శనివారం

రోజంతా ఫ్రిజ్ వెనకే. వెనక రేకు విప్పితే దుమ్ము తలగడంత వచ్చింది. తీశాను. లేవలేదు. కంప్రెసర్ పక్కనుండే చిన్న స్టార్టర్ ముక్కని పీకి చెవి దగ్గర ఊపాను. విరిగితే లోపల గలగలమంటుంది. గలగల లేదు, అది బాగానే ఉన్నట్టు. మీటర్ పెట్టి చూస్తే బోర్డులోకి కరెంటు వస్తోంది, బోర్డు నుంచి కంప్రెసర్‌కి మాత్రం పోవడం లేదు. బోర్డుని తప్పించి, కంప్రెసర్‌కి నేరుగా కరెంటిచ్చాను. గుర్రుమని తిరిగింది! వంటింట్లో నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను.

అంటే గుండె బాగుంది, బుర్ర చెడింది. కంట్రోల్ బోర్డు విప్పి తిరగేస్తే, కంప్రెసర్‌కి కరెంటు వదిలే రిలే కింద అగ్గిపుల్ల తలంత నల్ల మచ్చ. ఇంత పెద్ద పెట్టెని ఇంత చిన్న మచ్చ చంపింది.

కొత్త బోర్డుకి ఆర్డరిచ్చాను. గురువారానికి వస్తుందట. అప్పటిదాకా నేరుగా కరెంటిచ్చి నడపొచ్చు, కానీ నేను ట్యాంకర్ మీద తిరుగుతుంటే దాన్ని ఆపేదెవరు? ఇల్లు కాలితే మంచు కూడా మిగలదు. మంచులో పాకెట్లు క్షేమం. తీసి చూశాను. రాళ్ళు.

నవంబరు 30, ఆదివారం

కాల్గరీ. టెస్ బరువు పెరిగింది. చొక్కా విప్పి గుండె మీద పడుకోబెట్టుకున్నాను. పిల్లి పిల్లంత ఉంది, పులిలా గురక పెడుతోంది.

"ఫ్రిజ్ ఎలా ఉంది?" అంది మరైకా.

"బాగుంది."

పాకెట్లు బాగున్నాయి. ఆమె అడిగింది వాటి గురించే.

డిసెంబరు 2, మంగళవారం

ఇవాళ్టి సంగతి ఇవాళే రాసేయాలి.

పొద్దున పడమటి ఫారాలకి వెళ్తుంటే ఆకాశంలో ఒక వింత కనిపించింది. కొండల మీద ఈ చివర నుంచి ఆ చివరకి గీత గీసినట్టు వంపు తిరిగిన మబ్బు, దాని కింద నీలం పట్టీ. ఇంత అందమైన మబ్బు నేను పుట్టి ఎరగను. ఫారంలో ట్యాంకర్ ఆపి ఫోటో తీసి మరైకాకి పంపాను. వెంటనే ఫోన్ మోగింది.

"అదేంటో తెలుసా నీకు?"

"మబ్బు."

"మబ్బట! చినూక్ రా బాబూ! ఆ వంపు వచ్చిందంటే వెనకాలే గాలి వచ్చేస్తుంది. మధ్యాహ్నానికి చూడు, మా నాన్న చొక్కా చేతులు మడిచి తిరుగుతాడు. మంచంతా నీళ్ళే! అబ్బ, నేనక్కడ లేకపోతినే." అని ఫోన్ పాప చెవి దగ్గర పెట్టింది. "వినవే టెస్సూ, మీ మానిటోబా నాన్నకి మొదటి చినూక్!"

ఏదో అని ఫోన్ పెట్టేశాను. పొద్దుతిరుగుడు గింజలు నోట్లో వేసుకుని నమిలాను, ఉమ్మడం మర్చిపోయి పొట్టుతో సహా మింగాను. పెట్టె లోతుగా ఉంది కదా, పైన రాయి ఉంది కదా, ఇంకొక్క ఫారం చూసుకుని ఆలోచిద్దాం అనుకున్నాను. రాయి ఉంటే ఏమిటట? వెచ్చటి గాలిని రాయి ఆపుతుందా?

ఆ ఫారంలో దిగేసరికి చూరు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. రైతు కోటు విప్పి కంచె మీద వేసుకుని ఈల వేస్తున్నాడు. గాలి ఎవరో పొయ్యి తలుపు తెరిచినట్టుంది. సగం పాలు నిండిన ట్యాంకర్ వదిలి నేను పోలేను. పాలు ప్లాంటుకి చేర్చాకే ఇల్లు. మామగారికి ఫోన్ చేశాను.

"మామగారూ, మీ ఫ్రీజర్‌లో చోటుందా?"

"దేనికి?"

"పాలకి."

"ఎవరి పాలకి?"

"మరైకా పాలకి. ఫ్రిజ్ పాడైంది. మా ఇంటి వెనక మంచులో పాతిపెట్టాను."

ఆయన వెనక ఆవులు అరుస్తున్నాయి.

"మంచులో," అన్నారు. "ఇవాళ. వంపు మబ్బు చూళ్ళేదా?"

"చూశానండీ. ఫోటో తీశాను."

"ఫోటో తీశాడట!" అని ఎవరితోనో అన్నారు, ఆవులతోనే అయ్యుంటుంది. ఫోన్ కట్ అయింది.

ట్యాంకర్ అప్పగించి మా ఇంటి వెనక చూస్తే పెట్టె లేదు, మామగారి బూట్ల జాడలే ఉన్నాయి. ఆయన ఇంటికి చేరేసరికి వాకిట్లో కాగితాల్లో చుట్టిన గొడ్డు మాంసం పొట్లాలు కుప్పగా పోసి ఉన్నాయి. చలికాలమంతా తినడానికి ఫ్రీజర్‌లో దాచుకున్న సగం ఆవు. దాని పక్కన కుక్క మహా పుణ్యం చేసుకున్నట్టు కూర్చుని ఉంది. నేలమాళిగలోకి పరుగెత్తాను. ఆయన తువ్వాలు పరిచి, చొక్కా చేతులు మడిచి, పాకెట్లు ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూస్తున్నారు.

"గట్టివి ఇటు, మెత్తవి అటు," అన్నారు తలెత్తకుండా.

గట్టివే ఎక్కువ. చాలా ఎక్కువ. పెట్టె మధ్యలోవన్నీ రాళ్ళలాగే ఉన్నాయి, అంచుల్లోవే మెత్తబడ్డాయి. మెట్టు మీద కూర్చున్నాను. ఆ మెత్త కుప్పలో మరైకా రాత కనబడింది. 'నాన్న వేలు పట్టుకుంది.' తీసి పట్టుకున్నాను.

"ఇందులో ఇంకా ఐసుంది మామగారూ. చూడండి, పలుకులు తగుల్తున్నాయి."

"తగుల్తున్నాయి. నా పాలకి వాసన కూడా రాలేదు. ఆ రోజు నువ్వేమన్నావు?"

నేను పాకెట్ మీది తేదీ చూశాను.

"అనుమానం ఉంటే ఎక్కించను అన్నావు. మొహం మీదే అన్నావు, ఎవరో దారినపోయేవాడితో అన్నట్టు. ఇది నా మనవరాలు. నేనూ ఎక్కించను." నా చేతిలోంచి పాకెట్ తీసి మెత్త కుప్పలో వేశారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు.

తర్వాత లేచి కాఫీ కలిపారు. బిస్కెట్ల డబ్బా తీశారు. ఆ ఇంట్లో మనిషికి ఒక్క బిస్కెటే, వెంటనే మూత పడుతుంది. ఇవాళ మూత పెట్టలేదు.

"నువ్వారోజు చేసింది సరైందే. నాకు కోపం వచ్చింది, అంతే. ట్యాంకెడు పాలు పారబోసుకుంటే కోపం రాదా మనిషికి?" అన్నారు. ఇంకో బిస్కెట్ నా వైపు తోశారు. "ఈ సంగతి దానికి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేనే చెప్తానండీ."

డిసెంబరు 3, బుధవారం

ఫోన్లో చెప్పే సంగతి కాదు. ఎదురుగా చెప్పడమే మర్యాద.

డిసెంబరు 4, గురువారం

బోర్డు వచ్చింది! పని నాది, టార్చి మామగారిది, ఉపదేశాలూ ఆయనవే. ప్లగ్గు పీకి, టీ తాగేంత సేపు ఆగి, పాత బోర్డు వైర్లన్నీ ఫోటో తీసుకున్నాను.

"ఫోటోలు బాగా తీస్తావు నువ్వు," అన్నారు మామగారు. ఈ మాట నాకు ముసలితనం వచ్చేదాకా వినాలి.

కొత్త బోర్డు బిగించి, వైర్లు గుచ్చి, ప్లగ్గు పెట్టాము. ఊపిరి బిగబట్టాము. టిక్. గుర్రు. మామగారు నా వీపు మీద కొట్టిన దెబ్బకి మీటర్ కింద పడింది.

కానీ సాయంత్రానికి ఫ్రీజర్ వెనక గోడ ఒక్కటే చల్లబడింది, ముందు భాగం అలాగే ఉంది. చెవి ఆనించి విన్నాను. కంప్రెసర్ గుర్రు ఉంది, లోపలి ఫ్యాను సవ్వడి లేదు. రేకు విప్పితే, చిటికెన వేలి గోరంత తెల్ల ప్లగ్గు వదులుగా వేలాడుతోంది. మామగారు టార్చి వేరే వైపు తిప్పి ఉపన్యాసం చెప్తున్నప్పుడు నేను గుచ్చడం మర్చిపోయింది అదే. గుచ్చాను. చల్లటి గాలి మొహానికి కొట్టింది. ఇంత హాయైన చలి నేను మానిటోబాలో కూడా ఎరగను.

అంతా బాగైపోయింది. బాగైపోయాక ఇక చెప్పడం ఎందుకు, ఊరికే మరైకా మనసు పాడుచేయడం?

డిసెంబరు 5, శుక్రవారం

రోజంతా టిక్కుమనడం కోసం చెవి రిక్కించుకుని కూర్చున్నాను. టిక్కుమంటూనే ఉంది. పాకెట్లు రేపటిదాకా మామగారి దగ్గరే ఉండనీ అనుకున్నాను. వేడి పాలకి మూతి కాల్చుకున్న పిల్లి మజ్జిగని కూడా ఊదుకుని తాగుతుందట.

మెత్తవి మాత్రం మామగారు పారబోయలేదు. మళ్ళీ గడ్డకట్టించి విడిగా ఒక సంచిలో కట్టారు. "ఇవి పాపకి పట్టడానికి కాదు. ఏం చెయ్యాలో వాటి తల్లి చెప్తుంది," అన్నారు. అంటే నేను చెప్పక తప్పదు.

డిసెంబరు 6, శనివారం

చెప్పాను.

పాప తొట్టి పక్కనే అంతా చెప్పేశాను. మెత్తబడ్డ ఐస్‌క్రీమ్, మంచుకుప్ప, 'బాగుంది', 'బాగుంది', వంపు మబ్బు, వాళ్ళ నాన్న బొటనవేలు, 'నాన్న వేలు పట్టుకుంది'. మరైకా కదలకుండా విన్నది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. దానికి ఇంకా భయం వేసింది.

"పాలు పోతే మళ్ళీ వస్తాయి కర్ట్," అంది చివరికి. "ఇక్కడ రోజంతా ఒక అద్దం పెట్టె ముందు కూర్చుంటున్నా. వాళ్ళు బాగుంది అంటే బాగుంది, బాలేదు అంటే బాలేదు. ఇంట్లో కూడా నిజమేదో తెలీకపోతే నేనెక్కడికి పోను?"

సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇకమీదట ఫ్రిజ్ ఎలా ఉందని అడిగితే బాగుంది అనకు. వెళ్ళి చూడు. చూసి ఎలా ఉందో చెప్పు."

"సరే."

"నాన్న నిజంగా సగం ఆవుని వాకిట్లో పడేశాడా?"

"కుక్క సాక్షి."

అప్పుడు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూనే నా భుజం మీద ఒక్కటిచ్చింది, వాళ్ళ నాన్న చేతివాటమే. ఒడెట్ వచ్చి మమ్మల్ని నోరు మూసుకోమంది. గట్టి పాకెట్ల సంగతి అడిగితే డాక్టర్నీ అడిగొచ్చి, వాడుకోవచ్చని చెప్పింది. ఆ మాట విని కారిడార్‌లో గోడకి ఆనుకుని నిలబడిపోయాను. మళ్ళీ ఊపిరి తీసుకోవడం నేనూ టెస్ దగ్గరే నేర్చుకోవాలి.

డిసెంబరు 9, మంగళవారం

మరైకాకి పాలు పెరిగాయట. బెంగపడితే తగ్గుతాయని నేను దాచిపెట్టానా, చెప్పాక పెరిగాయి! దేవుడికి కూడా నన్ను చూస్తే నవ్వులాటే.

ఊరంతా ఈ వారం మామగారు పంచిన గొడ్డు మాంసమే తింటోంది. నాకు మాత్రం రోజూ పంపుతున్నారు, శిక్ష.

డిసెంబరు 19, శుక్రవారం

ఇంటికి వచ్చింది. మా టెస్ ఇంటికి వచ్చింది.

డిసెంబరు 20, శనివారం

ఇంట్లో మొదటి స్నానం. మెత్తబడ్డ పాకెట్ల సంచి మరైకా ఫ్రీజర్‌లోంచి తీసి గోరువెచ్చటి నీళ్ళలో కలిపింది. తాగకూడని పాలు ఒంటికి మంచివట, తొట్టిలో పోస్తారట. నాకు తెలీదు. 'నాన్న వేలు పట్టుకుంది' పాకెట్ నా చేతికిచ్చి నన్నే పోయమంది. పోశాను. మామగారు ముందుకు వంగి తొట్టి వాసన చూశారు.

"ఎంతుంది?" అన్నాను.

"ముప్పై ఏడు. ఎక్కించుకోవచ్చు," అన్నారు. పాపని ఆయనే నీళ్ళలోకి దించారు. అది మొహం చిట్లించి, ఒక్క కాలు ఝాడించి, ఆయన మడిచిన చొక్కా చేతుల్ని తడిపేసింది. ఆ తర్వాత అందిన మొదటి వేలు పట్టుకుంది. అది మామగారి వేలు. నాకు కాస్త అసూయ కలిగిన మాట నిజమే.

డిసెంబరు 22, సోమవారం

పాపని ఒళ్ళో వేసుకుని ముందుగదిలో ఉంది మరైకా.

"ఫ్రిజ్ ఎలా ఉంది?"

నోటి దాకా వచ్చింది 'బాగుంది' అని. వెళ్ళి ఫ్రీజర్ తెరిచాను. ఐస్‌క్రీమ్ డబ్బాలో స్పూను గుచ్చి లేపాను. స్పూను వంగిపోయింది. దాన్ని అలాగే తీసుకెళ్ళి మరైకాకి చూపించాను.

తను స్పూను వంకా, నా వంకా చూసి, కాస్త జరిగి పక్కన చోటిచ్చింది.